మూడుసార్లు చెక్కిన తలుపు

మా ఆయన వడ్రంగి. ఎవరింట్లో తలుపు మొండికేసినా కబురు ఆయనకే వస్తుంది. పనిమంతుడే, కాదనను. కానీ చెక్క విషయంలో ఇంకొకరు నోరెత్తితే సహించడు. కట్టుకున్న పెళ్ళాం మాటైతే మరీ చులకన.

వాళ్ళక్క, అంటే మా వదిన, రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. వీధివైపు గదిలో మిషను వేసుకుని బట్టలు కుడుతుంది. వానల్లో ఆ గది తలుపు పడటం లేదంటే ఈయన వెళ్ళి పైమూల చిత్రిక పట్టి వచ్చాడు. వానలు వెలిశాక మళ్ళీ బిగుసుకుంది. మళ్ళీ చెక్కాడు. మూడోసారి సంచీ సర్దుకునేటప్పటికి ఎండలు మండిపోతున్నాయి.

"ఎండల్లో కూడా చెక్క ఉబ్బుతుందా?" అన్నాను.

"నీకు తెలియనిదాంట్లో వేలు పెట్టకు," అన్నాడు. ఆ రోజూ చెక్కేసి వచ్చాడు.

పది రోజులకు పొద్దున్నే వదిన ఫోన్ చేసింది. "గదిలో ఇరుక్కుపోయానురా. తలుపు రావడం లేదు. కంగారేం లేదు, చేతిలో జాకెట్టు పని ఉంది. తీరిగ్గా రా."

నేనూ వెంట వెళ్ళాను. ఇంట్లోకి వెళ్ళి ఆయన ఆ గది తలుపు తోశాడు, భుజం ఆనించి చూశాడు. కదల్లేదు. అప్పుడు, ఇన్నాళ్ళకి, సంచీలోంచి నిలువు చూసే ఇనుపగుండు తీసి ద్వారబంధం పక్కన దారంతో వేలాడదీశాడు. గుమ్మం రెండు వేళ్ళ మందం వీధివైపు ఒరిగి ఉంది. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. వంగి, గుమ్మం పక్క గచ్చు మీద వేలిముడితో కొట్టాడు. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది. ఊపిరి బిగబట్టి వింటే కింద ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు.

"వీధి పైపు ఎక్కడో పగిలిందే," అన్నాడు నా చెవిలో. "ఆ నీళ్ళు పునాది కింద ఇసుకని వీధి కింది పాత మురిక్కాలవలోకి లాక్కుపోతున్నాయి. అక్క కింద నేల లేదు. ఉత్త గచ్చే."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు బద్దలుకొట్టండి అన్నాను. సుత్తి దెబ్బ అదురుకే గచ్చు కూలుతుందన్నాడు. రంపం తీసి తలుపు కిందిసగం పలక కోయడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళలో ఆయన రంపం గీత తప్పడం అప్పుడే చూశాను.

"ఇంత మంచి తలుపు కోస్తున్నావేంట్రా, మతి పోయిందా?" అంది లోపల్నుంచి వదిన.

"అక్కా, లే. నడుమన నడవకు. వీధివైపు కాదు, లోపలివైపు గోడని ఆనుకుని మెల్లగా రా."

"ఉండు, మిషను కూడా..."

"దాన్ని ముట్టుకోకు." ఆయన గొంతు పగిలిపోయింది. "నీ కాళ్ళు పట్టుకుంటానక్కా, రా."

ఆ గొంతు విని ఆవిడకీ భయం పట్టుకుంది. గోడవారగా అడుగులో అడుగు వేసుకుంటూ వస్తుంటే ఆవిడ పాదాల కింద గచ్చు పటపటమనడం నాకు వినిపించింది. కోసిన కంతలోంచి చేతులు రాగానే చెరో చెయ్యీ పట్టుకుని ఈడ్చేశాం. ముగ్గురం ఒకరి మీద ఒకరం పడ్డాం. లేచి వీధి చేరామో లేదో, ధబ్బుమని చప్పుడు. కిటికీలోంచి చూస్తే మిషను లేదు, కుర్చీ లేదు. గది నడుమ బురదనీళ్ళు తిరుగుతున్న గొయ్యి ఉంది.

మధ్యాహ్నం నీళ్ళ శాఖవాళ్ళు వచ్చి వీధి తవ్వారు. పైపు అతుకు దగ్గర వేలు పట్టేంత సందు. నెలల తరబడి కారుతోందన్నారు.

"ఇన్ని నెలలూ ఎవరికైనా చెప్పొద్దా అమ్మా? తలుపులు పట్టేస్తుంటే అనుమానం రాలేదా?" అని అడిగాడు వాళ్ళలో పెద్దాయన.

వదిన పక్కింటి అరుగు మీద కూర్చుని ఉంది. మా ఆయన చెయ్యి పట్టుకునే ఉంది.

"నాకెందుకు వస్తుంది బాబూ," అంది. "పట్టేసినప్పుడల్లా మా తమ్ముడొచ్చి బాగుచేస్తున్నాడుగా."