రైలుకు మజ్జిగ పోసిన పెద్దమ్మ

మొన్న సందెవేళ మా పాల పెద్దమ్మ పోయిందని చెప్పిన మనిషి, ఆ వెంటనే "బర్రెలింక పిండలే" అన్నాడు. ఆమె చెవిన పడి ఉంటే ఆ రెండో మాటకు లేచి కూర్చునేది.

మాదన్నపేటలో మా గోడ పక్కనే ఆమె దొడ్డి, దాని వెనకే పట్టాలు. రైలు కూత వింటే బర్రెలు పొదుగులోకి పాలు దింపి చేపుతాయని ఆమె వాదన, బెదురుతాయని నా వాదన. అది తెగలేదు. ఆ సంగతి అలా ఉంచి అసలు కథ చెప్తాను.

రైలు మా పేటలో ఆగేది కాదు. ఆమె బిడ్డ అత్తగారి ఊళ్ళో ఆగేది. బిడ్డకు తొలి కాన్పు దగ్గర పడింది. దూరపు స్టేషనుకు నడిచి పోయివస్తే సందెపాలు తప్పుతాయి. "ఈడ ఆగితే పొద్దుటి పాలు పిండి పోయి, బిడ్డను జూసి, సందెపాలకొస్త," అనేది. ఆ మాట పేటంతా పట్టుకుంది. అందరం కలిసి స్టేషను కోసం పట్టాల పక్కన ముళ్ళకంప కొట్టి నేల చదును చేశాం. ఆమె రోజూ అక్కడ కల్లాపి చల్లి ముగ్గేసేది. లేని స్టేషను మంచులో తెల్లగా కనబడేది.

స్టేషను ఇచ్చే ముందు ఎందరెక్కుతారో చూద్దామని రైల్వే సాబు ఒకరోజు బండి ఆపించాడు. పేటంతా కదిలి వచ్చింది. ఇంజనుకు దండ వేశాం. పెద్దమ్మ డ్రైవరుకు లోటాతో మజ్జిగ పోసింది. బండి కూత వేసింది. ఒక్కరూ ఎక్కలేదు.

"ఎక్కేటోళ్ళేరి?" అన్నాడు సాబు.

"ఇంటికొచ్చిన సుట్టాన్ని ఇడిశిపెట్టి యాడికి పోతం సాబ్?" అంది పెద్దమ్మ.

"ఫిర్ స్టేషన్ కాయ్‌కు? మరి ఎందుకు?" అన్నాడు సాబు.

అప్పుడు తట్టింది ఆమెకు. మజ్జిగ కుండతో సహా ఎక్కేసి, కిటికీలోంచి నన్ను కసిరింది. "ఏం జూస్తవ్ కొడకా, అందరెక్కుండ్రి. నా ఒక్కదాని కోసం కడతరా?"

ఎక్కాం. ఎక్కడికి పోవాలో తెలియక అందరం ఆమె వెంటే దిగాం. నిండు చూలాలైన బిడ్డ వాకిట్లో నిలబడి, "గింతమందేందమ్మా?" అంది.

"గీళ్ళే మన స్టేషన్ బిడ్డా."

తర్వాత నిజం స్టేషనూ వచ్చింది, ఒక రేకుల కొట్టంతో. కాన్పు వేళకు ఆమె బిడ్డ దగ్గరే ఉంది. సందెపాలకు తిరిగొచ్చింది కూడా.

మొన్న చావు కబురు సందె రైలు గార్డుతోనే పంపాం. మర్నాడు పొద్దుటి రైల్లో బిడ్డ వచ్చింది. డ్రైవరు తొంగిచూసి, పెద్దమ్మ రోజూ అందించే మజ్జిగ లోటా కోసం వెతికాడు. అంతకు ముందు రోజు పెద్దమ్మ వేసిన ముగ్గు ఇంకా ఉంది. బిడ్డ దాన్ని తొక్కకుండా చుట్టు తిరిగి దొడ్డి వైపు నడిచింది, వెనకే నేను.

రైలు కూత వేసింది. సందె నుంచీ ఎవరూ పిండని బర్రెల పొదుగుల నుంచి పాలు వాటంతటవే నేలకు కారసాగాయి.