చీపురు గుర్తున్న గడియారం

ఒలింప్ తన అన్న నూమాతో వేసుకున్న తగువును జెలీ కళ్లారా చూసింది. పక్కింటికి పాలకని వెళ్లి, చెంబు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. అంత మంచి తగువును సగంలో వదిలి వచ్చేటంత తెలివితక్కువది కాదు జెలీ.

తాత చేసిన బంగారు జేబు గడియారం ఎవరికి చెందాలన్నదే తగువు. తాత యులిస్ గడియారాలకు బంగారు డొప్పలు చేసేవాడు. కింద ఆవులు, పైన కిటికీ వారన పనిబల్ల; జురా కొండల్లో చలికాలమంతా అలాగే గడిచేది. ఆకురాయితో రాకుతుంటే రాలిన బంగారు పొడి చెక్కనేల సందుల్లోకి దిగేది. నేల పాతబడ్డాక ఆ చెక్కలు పీకి, రోజూ ఊడ్చి దాచిన చెత్తతో పాటు కాల్చి, బూడిద కరిగించి బంగారం తీయడం అక్కడి ఆనవాయితీ. యులిస్ తన ఇంటి నేల కాల్చగా వచ్చిన బంగారంతోనే ఈ డొప్ప చేసుకున్నాడు. లోపలి వెంట్రుకంత సన్నని స్ప్రింగును సరిచేసింది ఆయన పెళ్లాం.

"నేల ఇంటిది, ఇల్లు నాది. కనక గడియారమూ నాదే. ఊరి ప్రదర్శనశాల వాళ్లు అద్దాల పెట్టెలో పెట్టి, కింద నా పేరు రాస్తారట" అన్నాడు నూమా.

"నువ్వేం చేశావని రాస్తారన్నయ్యా? ఇంతకీ ఆ నేల ఊడ్చిందెవరు?"

"ఎవరూడిస్తే ఏమిటే?"

ఒలింప్ తన దగ్గరున్న గడియారం వెనక మూత గోటితో తీసింది. చేసినవాడి పేరుండాల్సిన చోట చీమంత చీపురు చెక్కి ఉంది.

"తాతకు పేరు రాసుకోవడం రాక కాదు. పొడి పోగుచేసింది అవ్వ అని చెక్కాడు. అవ్వ తర్వాత ఆ చీపురు పట్టింది నేను. ఒక్కనాడు నువ్వు పట్టానని చెప్పు, ఇప్పుడే ఇచ్చేస్తాను."

నూమా చివరికి నవ్వేశాడు.

"నీతో వాదించేకంటే ఆవుతో వాదించడం నయం."

"దాని దగ్గరా ఓడిపోతావులే."

ఒలింప్ పెళ్లి చేసుకోలేదు. అవ్వలాగే స్ప్రింగులు సరిచేస్తూ బతికింది. ఎవరు గడియారం తెచ్చినా మొదట అడిగేది ఒకటే: "రాత్రిళ్లు దీన్ని పడుకోబెడతావా, వేలాడదీస్తావా?" ఉండే తీరును బట్టి గడియారం నడక మారుతుంది మరి. పాదిరిగారిని కూడా అలాగే అడిగితే పాపం ఆయన ఎర్రబడ్డాడు. తన గడియారాన్ని మాత్రం ఆవుల కొట్టంలోనూ ఒంటి మీదనుంచి తీసేది కాదు.

ఒక చలికాలం మంచులో జారి తుంటి విరగ్గొట్టుకుంది. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లే బండి వాకిట్లో ఆగింది. "గడియారం నేను దాచిపెడతానే" అంటూ నూమా చెయ్యి చాపాడు. ఒలింప్ ఆ చేతిని దాటించి దాన్ని జెలీ చేతిలో పెట్టింది.

"రోజూ పొద్దున పాలు పితికే వేళకు కీ ఇవ్వు. జేబులోనే ఉంచుకో. బల్లమీద పెట్టావో, నడక తప్పుతుంది, వచ్చాక నాకు తెలిసిపోతుంది."

"అంతేనా?"

"ఇంకొకటి. మా ఇల్లు కూడా రోజూ ఊడ్చు."

"గడియారమిచ్చి పనిమనిషిని కుదుర్చుకున్నావన్నమాట."

"ఊడ్చనిదే అది పెట్టుకునే హక్కు ఎవరికీ లేదే జెలీ. మూలలు వదలకు."