సాబ్ కండెమ్ చేసిన ఫైళ్లు

గోదావరి పొంగిన ఏడాది, భద్రాచలం అడవి అంచున, తుపాకీ పట్టి మూడు గూడేల జనాన్ని ఒంటిచేత్తో కాపాడినవాణ్ణి నేను.

సిపాయిలం, వరద సాయానికి వెళ్లాం. లారీ మమ్మల్ని మిట్ట మీది రేకుల షెడ్డు దగ్గర దించింది. మధ్యాహ్నం మూడింటికే చీకటి. సాయంత్రానికి వెనక రోడ్డు మునిగింది. ముందు వాగు, వెనక గోదావరి ఎగదన్నిన నీళ్లు, మధ్యలో మేము. తడిసిన ఉల్లిగడ్డల బస్తా, ఒక జనరేటర్, ఒక వైర్‌లెస్ సెట్, టార్పాలిన్‌లో చుట్టిన పాత కంప్యూటర్.

కంప్యూటర్ మండలాఫీసుది. అక్కడ నీళ్లు చేరడంతో మా లారీ ఎక్కించారు. రేషన్ కార్డుల కోసం మూడు గూడేల వాళ్లు వానలో అడవి దాటి వచ్చి దిగిన ఫొటోలు అందులో ఉన్నాయి. నేను కాపాడిన జనం వాళ్లే. తుపాకీ భుజానే ఉంది. దానికి పని పడలేదు.

కంప్యూటర్ నడిపే ఆపరేటర్ కుర్రాడు వాగు అవతలి ఒడ్డున, మా ఇంకో వైర్‌లెస్ సెట్ దగ్గర చిక్కుకుపోయాడు. వైర్‌లెస్‌లో ఒకటే మాట చెప్పాడు.

"అన్నా, ఆ ఫొటోలు ఇంకెక్కడ లేవు. ఎవ్వర్నీ ముట్టనియ్యకు."

శత్రువు షెడ్డు లోపలే ఉన్నాడు. మా సుబేదార్ సాబ్. సర్వీసంతా స్టోర్సులో చేసిన మనిషి. వాడకంలో లేని సామాను కనబడితే పనికిరాదని రాసి, కండెమ్ చేసి బయట పారేయించనిదే ఆయనకు నిద్ర పట్టదు. బయటికి కాలు పెట్టే దారి లేదు. రేకుల మీద వాన ఆగదు. మూడో రోజుకు షెడ్డులో సర్దడానికి ఏమీ మిగల్లేదు. జనరేటర్ వేయించి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"గిదేందిరా, గిన్ని ఫైళ్లు? ఒక్కటి తెరుచుకోదు. పేర్లు సుత నోరు తిరగవు."

"సిస్టమ్ ఫైళ్లు సాబ్. ముట్టొద్దంట."

"తారీకులు చూడు, ఎన్నేండ్ల కిందివో! ఉత్తగ జాగ ఆపుకొని కూసున్నయ్. కండెమ్!"

ఫైళ్లన్నీ చెత్తబుట్టలో పడ్డాయి. తెర అలాగే వెలుగుతోంది.

"చూసినవా? ఏమన్న అయ్యిందా?" సాబ్ మీసం దువ్వాడు.

వైర్‌లెస్‌లో సంగతి చెబితే ఆపరేటర్ అరిచాడు. "బంద్ చెయ్యకుండ్రి! ఇప్పుడు బందైతే మల్ల లేవదు. డీజిల్ ఎంతుంది?"

డబ్బా ఊపి చూశాను. అడుగున కొద్దిగా చప్పుడు.

ఇక్కడ సాబ్‌ను కుర్చీలోంచి లాగేశానని మా వాళ్ల దగ్గర చాలాసార్లు చెప్పాను. అబద్ధం. సుబేదార్‌ను లేపే సిపాయి ఇంకా పుట్టలేదు. ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి ఒక ఫొటో తెరిచాను, అంతే. ఒక ముసలమ్మ. తడిసిన కొంగు. రెండు చేతులతో కుర్చీని పట్టుకుంది. కెమెరా వెలుగుకు కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఫొటో పోతే ఈమె మల్ల వాగు దాటి రావాలె సాబ్."

సాబ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత చెత్తబుట్ట తెరిచి అన్నింటినీ వెనక్కి పంపాం. ఇంకాసేపటికి జనరేటర్ దగ్గి ఆగిపోయింది.

నీళ్లు తగ్గాక కంప్యూటర్‌ను ఒళ్లో పెట్టుకుని లారీలో తీసుకెళ్లి ఆఫీసులో అప్పగించాం. స్విచ్ వేస్తే లేచింది. ఇంటికొచ్చి ఇన్నేళ్లయినా ఆ మూసుకున్న కళ్లు నన్ను వదల్లేదు.

ఇది రాసి, ఇప్పుడు కొత్తగూడెంలో ఉంటున్న ఆ ఆపరేటర్‌కు చదివి వినిపించాను. టీ గ్లాసు కింద పెట్టాడు.

"మంచిగ రాసినవన్నా. గని ఆ దినం వైర్‌లెస్ సెట్ నీ చేతులనే ఉండె, మాట్లాడే స్విచ్ నొక్కే ఉండె, అన్ని నాకు వినబడ్డయ్. 'పాతయే కద సాబ్, తీసెయ్యుండ్రి' అన్నది నీ గొంతు. 'వెనుకకు ఎట్ల తేవాలె తమ్మీ' అని నన్ను బతిలాడింది మీ సాబ్."