పుష్పరాణి పథ్యం

ఏక్‌బాల్‌పూర్ కార్పొరేషన్ క్వార్టర్సులో పుష్పరాణి నోటికి జడవని మనిషి లేదు. నాతోపాటే వీధులు ఊడ్చేది. చెత్తబండి ఆలస్యమైతే డ్రైవరును తెలుగూ బెంగాలీ కలిపి దులిపేసేది. చిన్నప్పటి కీళ్లజ్వరం ఆమె గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసింది. ఆసుపత్రిలో దాన్ని తీసేసి లోహపుది పెట్టారు.

రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్లూ రోజూ మాత్ర వేసుకోవాలని డాక్టరు నా ఎదుటే చెప్పాడు. మానేస్తే ఆ లోహం మీద గడ్డ పేరుకుంటుంది, అది విడిపోయి మెదడుకు పోతే పక్షవాతమే అన్నాడు. పుష్పరాణి అన్నం మరిచిందేమో గానీ ఆ మాత్ర మరవలేదు.

మొన్న వానాకాలంలో ఆమె కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు! అత్త రామమ్మ రంగంలోకి దిగింది. బెంగాల్ వలసొచ్చినా మా శ్రీకాకుళం వాళ్లకు గుండె కోయడానికి డాక్టరు కావాలి గానీ, కామెర్లకు మాత్రం పసరే. మెటియాబ్రుజ్‌లో పలాస మనిషొకడు పసరు పోస్తాడని తీసుకెళ్లింది. ఉప్పూ నూనే లేని పథ్యం పెట్టాడు. పథ్యం విడిచేదాకా ఇంగ్లీషు మందు ముట్టకూడదట, ముడితే పసరు విరిగిపోతుందట. వాడి పథ్యం తగలెయ్య!

"గుండె మాత్ర మానకే పుష్పా. ముందు డాట్రుని అడుగుదాం, నడు" అన్నాను.

"అడిగితే పసరొద్దంటాడు మంగప్పా. మా అక్క కామెర్లు ముదిరే పోనాది" అంది.

రామమ్మ నా మీదకు లేచింది. "నీకేటే మంగాదేవీ? కోడలు పోతే నా మనవల్ని నువ్వు పెంచుతావేటి?"

"మాత్ర మానేత్తేనే పోతాది అత్తా!" అని నేనూ అరిచాను. పుష్పరాణి మొగుడు గురువులు మా ఇద్దరికీ దండం పెట్టి డ్యూటీకి పోయాడు. తల్లికి ఎదురుచెప్పే నోరు ఆ మనిషికెక్కడిది?

అబద్ధమెందుకు, కామెర్లు తగ్గాయి. రామమ్మ కోడల్ని గుమ్మం గుమ్మానికీ తిప్పి కళ్లు చూపించింది, నన్ను మరీ పిలిచి చూపించింది. మాత్ర మొదలెట్టావా అని పుష్పరాణిని అడిగాను.

"ఆదివారం తలంటుకొని పథ్యం ఇడిసేత్తాను కదప్పా. అప్పుడు ఏసుకుంటాను" అంది నవ్వుతూ.

శనివారం పొద్దున్నే రోడ్డు ఊడుస్తుంటే దాని చేతిలో చీపురు జారిపోయింది. "ఏటైందే?" అన్నాను. నోరు తెరిచింది గానీ మాట రాలేదు. మూతి పక్కకు పోయింది. అయ్యో తల్లీ అనుకుంటూ పట్టుకునే లోపలే కూలబడిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం.

స్కానింగు చూసిన కుర్ర డాక్టరు, మందు ఎవరు ఆపారని బెంగాలీలో గద్దించాడు. గురువులు తల్లి వైపు చూశాడు. రామమ్మ ముందుకొచ్చి, కోడలి కంటిరెప్ప వేలితో పైకెత్తింది.

"ఓపాలి సూడు బాబూ, కామెర్లు నేవు. సుక్క పసుపు నేదు."

ఆ డాక్టరుకు తెలుగు రాదు. వచ్చినా ఏం చెబుతాడు? పుష్పరాణి ఎడమచేత్తో అత్త చేతిని తోసేసింది. ఏదో అనాలని పెనుగులాడింది. మూలుగు తప్ప ఏమీ రాలేదు.

"సాల్లే అత్తా, ఒగ్గీ" అన్నాను, దాని బదులు.