పాదం పక్కన అరచెయ్యి

నల్గొండలో మా అవ్వ కాళ్ల నొప్పులకు ఎర్రలైటు వేడి పట్టి, అరికాళ్లు ఒత్తే పెద్దాయనను అందరం చాచా అనేవాళ్లం. లైటు కింద అవ్వ పాదం పక్కనే తన అరచెయ్యి కూడా పెట్టి కూర్చోవడం ఆయన అలవాటు.

“కాలుతాందా అవ్వా?”

“లేదు బిడ్డా.”

ఒకరోజు చాచా చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అవ్వ పాదం కదల్లేదు. లైటు ఆర్పి నావైపు తిరిగాడు.

“నా చెయ్యి కాలింది, అవ్వకు తెలుస్తలేదు. జర దవాఖానల షుగర్ పరీక్ష చేపియ్యున్రి.”

షుగరే అని తేలింది. ఇక చాచా ఆమెకు లైటు పెట్టలేదు. అయినా అవ్వ ఆయన దగ్గరికి వెళ్లేది. ఆయన అవ్వ అరికాలి మీద వేలు ఆనించి, “గిప్పుడు తెలుస్తాందా?” అని అడిగేవాడు. ఒకసారి వేలు ఆనకముందే అవ్వ, “తెలుస్తాంది బిడ్డా” అంది.

“మంచిదవ్వా” అని, చాచా అప్పుడు ఒత్తడం మొదలుపెట్టాడు.