తెరచాప కొయ్య మీద మామ

మామ పోయారని అత్త ఫోన్ చేసినప్పుడు నేను బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు కోణాలు చెబుతున్నాను. కోయంబత్తూరు చేరేసరికి ఇంటి ముందు షామియానా, లోపల ఐస్ పెట్టెలో మామ. ఆ పెట్టె ప్లగ్గు వదులై మాటిమాటికీ ఆగిపోతోంది. మామ దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు ఎలక్ట్రీషియన్లు దాని చుట్టూ కూర్చుని, తప్పు ప్లగ్గుదా సాకెట్టుదా అని తమిళంలో వాదించుకుంటున్నారు. అత్త ఏడుపు ఆపింది.

"బిన్నా, తొందరగా సరి చేయండప్పా. లేదంటే ఆయనే లేచి వచ్చేస్తాడు."

ఏడుస్తున్నవాళ్లందరం నవ్వేశాం.

మా అమ్మకు తమ్ముడాయన. నలభై ఏళ్లు ఆర్.ఎస్. పురం ఇళ్లకు వైరింగు చేశారు. తాను చేసిన పని రెండోసారి ముట్టుకోవలసిన అవసరం రాలేదని పెళ్లిళ్లలో, బస్సుల్లో, ఎవరూ అడగకపోయినా చెప్పేవారు. ఎంత ఎత్తు స్తంభమైనా ఎక్కేవారు కానీ నీళ్లంటే హడలు. బస్సు వంతెన ఎక్కితే, కింద ఏరు ఎండిపోయి ఉన్నా, ముందు సీటు గట్టిగా పట్టుకునేవారు.

అలాంటి మనిషిని, ఎప్పటినుంచో ఆయన చేతే వైరింగు చేయించుకునే డాక్టరుగారొకరు ఒకసారి తూత్తుకుడికి పిలిచారు. డాక్టరుగారికి అక్కడ ఒక తెరచాప పడవ ఉంది. దాని పాత బల్బులు బ్యాటరీని తాగేస్తున్నాయి, తెరచాప కట్టే కొయ్య మీదవీ డెక్కు మీదవీ అన్నీ ఎల్ఈడీలుగా మార్చాలి. తెలియనివాళ్ల చేతిలో పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. మామ కాదనలేకపోయారు. అత్త నన్ను పిలిచింది.

"నీకు ఈత వచ్చు కదా పాపా, తోడు పో. ఆయనకు స్నానానికి బకెట్టే ఎక్కువ."

రేవు గేటు దగ్గరే లైఫ్ జాకెట్టు తొడుక్కున్నారు మామ. పడవ ఇంకా రెండు వందల అడుగుల దూరంలో ఉంది. డెక్కు దీపాలు మధ్యాహ్నానికే అయిపోయాయి. స్విచ్చి వేస్తే పడవంతా పెళ్లి మండపంలా వెలిగింది. "చూసినావా, ఇంతేదా!" అన్నారు. మాట గట్టిగా చెప్పాలంటే కోయంబత్తూరు తెలుగులో చివర 'దా' తగిలిస్తారు.

మిగిలింది కొయ్య చివర దీపం. ఒకే గిన్నెలో మూడు రంగులు: ఎడమకు ఎరుపు, కుడికి ఆకుపచ్చ, వెనక్కి తెలుపు. చీకట్లో ఎదురొచ్చేవాళ్లు ఆ రంగులు చూసే మన పడవ ఎటు పోతోందో తెలుసుకుంటారు. ఊయల పలక లాంటిదానిలో మామను కూర్చోబెట్టి డాక్టరుగారూ నేనూ తాడుతో పైకి లాగాం. కరెంటు స్తంభం కదలదు. ఇది కదిలింది. పైనుంచి కేకలు మొదలయ్యాయి.

"ఎవరూ నడవద్దు! డాక్టర్ సార్, మీరు దగ్గద్దు!"

దగ్గు వచ్చినప్పుడల్లా ఆ పెద్దమనిషి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు.

చీకటి పడ్డాక, కొత్త దీపం వేసి, తెరచాప ఎత్తి రేవు బయటికి పోయాం. మామ రెండు చేతులతో కొయ్యను కౌగిలించుకుని నిలబడ్డారు. ఎదురుగా చేపల పడవ ఒకటి వస్తోంది. పక్కకు తప్పుకోకుండా నేరుగా మా మీదికే వస్తోంది. డాక్టరుగారు కేకేస్తూ చుక్కాని తిప్పారు. ఆ పడవవాడు చివరి నిమిషంలో ఇంజను ఆపాడు. రెండు పడవలూ చెయ్యి చాపితే అందేంత దగ్గరగా దాటుకున్నాయి.

"అణ్ణే, నీంగ పోరీంగళా, వరీంగళా?" అని అరిచాడతను. పోతున్నారా, వస్తున్నారా అని.

ఎందుకలా అడిగాడో ఎవరికీ అర్థం కాలేదు. మామ ఒక్కరే తలెత్తి చూశారు. పైన కూర్చున్నప్పుడు ఆయన ముఖం పడవ వెనక్కి తిరిగి ఉంది. తన ఎడమకు ఎరుపు పెట్టారు. దాంతో వెనక్కి ఉండాల్సిన తెలుపు ముందుకొచ్చింది. మేము దూరంగా పోతున్నామనుకున్నాడు పాపం చేపలతను.

"తప్పు నాదిదా," అన్నారు మామ. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు.

ఒడ్డుకు చేరాక డాక్టరుగారు, "పరవాలేదప్పా, రేపు ఇక్కడివాళ్లెవరితోనైనా తిప్పిస్తాను" అన్నారు.

"వద్దు సార్. ఎదురొచ్చేవాడు నా దీపాన్ని నమ్మి వచ్చినాడు. నేనే ఎక్కాల."

మర్నాడు పొద్దున మళ్లీ ఎక్కారు. నన్ను పడవ ముందు కొసన నిలబెట్టి చప్పట్లు కొట్టమన్నారు, కింద నీళ్లవైపు చూడకుండానే, చప్పుడు వచ్చేదే ముందు అని తెలియడానికి. అరగంట కొట్టాను. రేవులో వలలు బాగు చేసుకుంటున్న ఆడవాళ్లు కూడా సరదాకి మొదలుపెట్టారు. పైనుంచి మామ, "పాప ఒక్కతే కొట్టాల! మీరు కొడితే నాకు నాలుగు పక్కలా ముందే!" అని మొత్తుకున్నారు.

ఆ తరువాత గొప్పలు ఆగిపోయాయి. పని నేర్చుకోవడానికి ఎవరు వచ్చినా మొదట ఈ తప్పే చెప్పేవారు. ఎవరైనా ఎడమ అంటే చాలు, "ఎవరి ఎడమ?" అని అడిగేవారు. ఆటోవాళ్లు విసుక్కునేవారు. నేను మాత్రం నల్లబల్ల మీద లెక్క తప్పు చేసినప్పుడు, తుడిచేసి ఊరుకోకుండా పిల్లలకు చెప్పి దిద్దుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

తూత్తుకుడిలో ఆ రెండో రోజు సాయంత్రం, దీపం సరిగ్గా ఉందో లేదో తానే చూడాలన్నారు మామ. చూడాలంటే నీళ్ల మీదినుంచే చూడాలి. డాక్టరుగారి చిన్న తెడ్ల పడవలో ఇద్దరం కూర్చున్నాం. నేను తెడ్డు వేశాను, మామ రెండు అంచులూ పట్టుకుని కళ్లు మూసుకున్నారు. కుడి పక్కకు పోయాక తెరిచి, "పచ్చ" అన్నారు. వెనక్కి పోయాక, "తెలుపు." ఎడమకు వచ్చాక, "ఎరుపు." అంతా సరిగ్గా ఉంది. నేను ఒడ్డు వైపు తిప్పాను.

"ఇంకో సుట్టు పోదాం పాపా," అన్నారు.

మళ్లీ తిప్పాను. ఈసారి మామ కళ్లు మూసుకోలేదు. తల పూర్తిగా వెనక్కి వాల్చి పైకే చూస్తున్నారు. ఒక చెయ్యి అంచు వదిలి నీళ్లలో ఉంది.