బాత్రూం లేని దెయ్యం సినిమా

అక్టోబరు చివర్లో మా కాలనీ సూపర్ మార్కెట్లో పప్పుల అరల పక్కన దెయ్యం ముసుగులు వేలాడదీస్తున్నారు ఈమధ్య. మొన్న మా అమ్మాయి అందులో ఒకటి లాగి నా మొహానికి తగిలించింది. కొత్త ప్లాస్టిక్కూ, రబ్బరు తాడూ, లోపల చిక్కుకున్న నా ఊపిరి వేడీ కలిసిన ఆ వాసన ముక్కుకి తగిలిందో లేదో, హైదరాబాదులో కందిపప్పు పొట్లం పట్టుకుని నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే షార్జా వెళ్ళిపోయాను, రోలాలో మేమున్న ఫ్లాటు హాల్లోకి. అక్కడికి వెళ్తే మా అమ్మ గురించి చెప్పకుండా తిరిగిరాలేను. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి, మా అమ్మ విషయంలో నాకు మొహమాటం లేదు.

రెండు పడకగదుల ఫ్లాటు అది. ఒక గది మాది, రెండో గది జగిత్యాల నుంచి వచ్చిన లక్ష్మి ఆంటీ వాళ్ళది. హాలూ, వంటిల్లూ, నడవా చివర ఉన్న బాత్రూమూ ఉమ్మడి. కింద షవర్మా కొట్టు పొగా, ఎదురింటి మలయాళీల కొబ్బరినూనె తాలింపూ, లక్ష్మి ఆంటీ కాల్చే సర్వపిండీ, మా అమ్మ చింతకాయ వేసి పెట్టిన వంజరం పులుసూ అన్నీ కలిసి ఆ నడవాలోనే తిరుగుతుండేవి, కిటికీ తెరిస్తే ఇసుక వస్తుందని ఎవరూ తెరిచేవాళ్ళు కాదు మరి. నాన్న తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి జెబెల్ అలీ వెళ్ళిపోయేవాడు. పాలకొల్లు నుంచి వచ్చిన మా అమ్మ, సువార్త, ఆస్పత్రిలో పిల్లల వార్డు నర్సు. శుక్రవారం పొద్దున్న చర్చికి పోయొచ్చి, అందరం హాల్లో చాప పరుచుకుని తిని, వీడియో షాపు నుంచి తెచ్చిన సినిమా వేసుకోవడమే మా పండగ.

ఆ శుక్రవారపు సినిమాలే కొంప ముంచాయి. రెండువేల మూడు వేసవిలో నాన్న ఒక తెలుగు భక్తి సినిమా పట్టుకొచ్చాడు. మా ఇంట్లో బైబిలు, లక్ష్మి ఆంటీ గదిలో కొండగట్టు అంజన్న పటం, అయినా దేవుడి సినిమా అంటే పిల్లలకి మంచిదేనన్న నమ్మకంలో మాత్రం రెండు గదుల్లోనూ తేడా లేదు. చివర్లో దేవతే గెలుస్తుంది కదా, ఇంక భయమేంటి అనుకున్నారు పెద్దవాళ్ళు. గెలవడానికి ముందు రెండు గంటలసేపు ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. అందులో క్షుద్రశక్తి ఒకటి మామూలు ఇంట్లో, మామూలు బాత్రూంలో, బకెట్లోంచి లేచి వస్తుంది, జుట్టంతా నీళ్ళు కారుతూ. ఐదేళ్ళ మా తమ్ముడు సన్నీ కేకైనా పెట్టలేదు. దేవత ప్రత్యక్షమైనప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం గానీ, వాడు మాత్రం నా గౌను అంచు నోట్లో పెట్టుకుని నడవా వైపే చూస్తూ కూర్చున్నాడు.

అంతే, ఆ రోజు నుంచి వాడు ఒక్కడూ బాత్రూం గడప తొక్కడం మానేశాడు. ఎవరో ఒకరు తోడెళ్ళి, బకెట్టు బోర్లించి, లోపల నిలబడి పాట పాడాలి. అమ్మకి నైట్ డ్యూటీ పడితే పక్క తడిసేది, పగలు స్కూల్లోనూ ఉగ్గబట్టుకుని నిక్కరు తడుపుకునేవాడు. టీచరు పిలిచి చెప్పింది. నాన్న అలిసిపోయి వచ్చి విసుక్కునేవాడు. దుబాయ్ బతుకుల్లో ఇలాంటివాటికి ఒకటే మందు, పిల్లల్ని ఊరికి పంపేయడం. ఆరోగ్యం బాగోకపోయినా, స్కూలు ఫీజు పెరిగినా, అల్లరి ఎక్కువైనా అదే మందు. అక్కడైతే అమ్మమ్మ ఉంటుంది, ఇల్లు నిండా మనుషులుంటారు అని ఎవరికి వాళ్ళు సర్దిచెప్పుకునేవాళ్ళు. లక్ష్మి ఆంటీ తన తమ్ముడి పెళ్ళికి నవంబర్లో ఊరెళ్తోంది.

"పోరడు గా దినం సంది గట్లనే బెదురుతున్నడు సువార్తక్కా," అంది ఒకరోజు, నిజంగా జాలిపడుతూనే. "నాతోని పంపు, హైదరాబాదుల మీ నాయినకు అప్పజెప్త. ఆడ మంచిగైతడు."

నాన్న అప్పటికే టికెట్ కోసం ట్రావెల్స్ వాడితో మాట్లాడి ఉంచాడు. అమ్మ యూనిఫాం ఇస్త్రీ చేస్తూ చేస్తూ పెట్టె పక్కకి పెట్టి, చాలాసేపు సన్నీ తల నిమిరింది. వాడు వెళ్తే మళ్ళీ ఏడాదికో రెండేళ్ళకో సెలవు దొరికినప్పుడు చూడ్డమే. వాడు లేని ఆ గది నా ఊహకి అందలేదు.

సరిగ్గా అప్పుడు అమ్మతో పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సు గ్రేస్ ఆంటీ ఒక సంచీ నిండా ముసుగులూ చాక్లెట్లూ పంపింది, హాలోవీన్ వస్తోంది, పిల్లలకి ఇవ్వమని. హాలోవీన్ అంటే ఏంటో మాకెవరికీ సరిగ్గా తెలియదు. దెయ్యాల వేషాలు వేసుకుని భయం సినిమా చూసే రోజని ఆవిడే చెప్పింది. అమ్మ ఆ ముసుగులు ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసి, ఆ శుక్రవారం మన హాల్లో పిల్లలందరికీ దెయ్యం సినిమా వేస్తానంది. సన్నీక్కూడా. నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"నీకేమన్నా మతిపోయిందా? వాడు చూసిన దెయ్యం చాలదా? పైగా మనింట్లో ఈ హాలోవీన్ ఏంటి, పాస్టరుగారు వింటే ఏమనుకుంటారు?"

"పాస్టరుగారొచ్చి దుప్పట్లు ఉతుకుతారా ఏంటండీ?" అంది అమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "వార్డులో సూదికి భయపడే పిల్లాడికి సూదే లేదని అబద్ధం చెప్పం. ముందు ఖాళీ సిరంజి చేతికిస్తాం, నీళ్ళు చిమ్ముకుని ఆడుకుంటాడు. మీరు తెచ్చిన సినిమా సూది గుచ్చేసింది. నేను ఖాళీ సిరంజి వెతుకుతా. కుదర్లేదనుకోండి, టికెట్ కొనేయండి, నేనేమీ అడ్డం చెప్పను."

నాన్న మళ్ళీ అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు.

ఇక వెతుకులాట మొదలైంది. డ్యూటీ దిగి, తెల్ల యూనిఫాం మీదే, నా చెయ్యి పట్టుకుని రోలాలో వీడియో షాపుకి వచ్చేది అమ్మ. సీడీల కవర్లు వరసగా కౌంటరు మీద పరిపించి షాపు నడిపే మలయాళీ ఆయన్ని, మేమంతా చేట్టన్, అంటే అన్నా, అని పిలిచేవాళ్ళం, ఒకటే ప్రశ్న అడిగేది.

"భయ్యా, ఇస్‌మే బాత్రూం హై క్యా?"

"బాత్రూం?" ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకునేవాడు. "సిస్టర్, యే హారర్ పిక్చర్ హై."

"వో మాలూమ్ హై. భూత్ కిధర్ రహతా హై?"

దెయ్యం కాపురం ఎక్కడ అన్నది మా అమ్మకి కావాలి. మంచం కింద ఉండే దెయ్యం వద్దు, మనకి మంచాలున్నాయి. లిఫ్టులో, అద్దంలో, టెలిఫోన్లో ఉండేవీ వద్దు. బొమ్మలో దూరేదైతే అసలే వద్దు, సన్నీ ఎలుగుబంటి లేకుండా పడుకోడు. సినిమా అయిపోయాక పిల్లాడు ఇంట్లోనే కదా తిరగాలి, మనింట్లో లేని చోటున్న దెయ్యమైతే అక్కడే ఉండిపోతుంది అనేది. చేట్టన్ మొదట్లో నవ్వాడు గానీ, పోనుపోనూ ఆయనే ఫలానాదాంట్లో మంచం ఉంది సిస్టర్, వద్దు అని పక్కన పెట్టేయడం మొదలుపెట్టాడు.

తెచ్చిన ప్రతిదీ అమ్మ ముందు తను చూసేది, అదీ మామూలుగా కాదు. ఒకసారి సౌండు పూర్తిగా తీసేసి, వంకాయలు కోసుకుంటూ బొమ్మ మాత్రమే చూసేది. మళ్ళీ మొదటికి తిప్పి, టీవీకి వీపు పెట్టి ఇస్త్రీ చేసుకుంటూ చప్పుడు మాత్రమే వినేది. సగం భయం చెవిలోంచే లోపలికి పోతుందే అమ్మలూ, అనేది నాతో. తల్లి చచ్చిపోయే సినిమా తీసేసింది. కుక్కపిల్ల చచ్చిపోయేదీ తీసేసింది. ఒకదాంట్లో పిల్లాడు భయమేస్తోందంటే తండ్రి చెంపదెబ్బ కొడతాడు, అది చూసి దెయ్యం సంగతి తర్వాత, ముందు వీణ్ణి తన్నాలి అంటూ టపీమని టీవీ కట్టేసింది. మరీ చప్పటి సినిమాలూ ఒప్పుకోలేదు. లక్ష్మి ఆంటీ కొడుకు శ్రీకాంత్‌కి పదకొండేళ్ళు, వాడు పకపకా నవ్వాడంటే సన్నీకి నామోషీ. నిజంగా కాస్త వణుకు పుట్టాలి, ఆ వణుకు దాటి బయటికి రావాలి.

చివరికి దొరికింది. ఊరూ పేరూ లేని ఏదో దేశపు కార్టూన్ సినిమా. సముద్రం మధ్యలో ఒక లైట్‌హౌస్, అందులో పోయిన తన గంట కోసం వెతుక్కునే ముసలి భూతం. ఇటు చూసీ అటు వినీ, అమ్మ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, "ఇది," అంది. ఆపరేషన్ థియేటర్లోంచి బయటికొచ్చిన డాక్టరు మొహం అలా ఉంటుందేమో.

ఆ ఏడు రంజాన్ నెల కూడా అప్పుడే వచ్చింది. పగటిపూట మా తిండి బయటివాళ్ళ కంట పడకూడదని కర్టెన్లు ఎలాగూ వేసే ఉంటాయి, హాలు చీకటి చేయడానికి వేరే పనేమీ లేకపోయింది. గ్రేస్ ఆంటీ ముసుగులు తగిలించుకుని, లక్ష్మి ఆంటీ చేసిన గారెలూ, అమ్మ కట్టిన సున్నుండలూ ఒళ్ళో పెట్టుకుని, బిల్డింగులో తెలుగు పిల్లలందరం చాప మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నాం. నాన్న వెనకాల గోడకి జారగిలబడి చేతులు కట్టుకున్నాడు. అమ్మ మాత్రం టీవీ పక్కన, మాకెదురుగా కూర్చుంది. సినిమా చూడలేదావిడ, సన్నీనే చూస్తోంది.

భూతం మెట్లు దిగుతుంటే గొలుసు చప్పుడుకి శ్రీకాంతే ముసుగు కళ్ళ మీదకి లాక్కున్నాడు. సన్నీ నా మోచెయ్యి గిల్లేస్తున్నాడు. అంతలో వాడు అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాడు. నాకు సంగతి అర్థమైంది, అమ్మకి నాకన్నా ముందే అర్థమైంది. నేను లేవబోతే కళ్ళతోనే వద్దంది. అమ్మో, ఇక్కడే తడిపేస్తాడు, అందరి ముందూ, నాన్న ముందూ, ఇంక టికెట్ ఖాయం అనుకున్నాను. సన్నీ నడవా వైపు చూశాడు, టీవీ వైపు చూశాడు, మళ్ళీ నడవా వైపు చూశాడు.

"మనింట్లో లైట్‌హౌస్ లేదు కదక్కా?"

"లేదురా."

లేచాడు. గొలుసు చప్పుడు వెనక నుంచి వినిపిస్తుంటే, ముసుగు నెత్తి మీద పెట్టుకుని, గోడ పట్టుకుని నడిచాడు. బాత్రూం స్విచ్చు అందక ఎగిరి కొట్టాడు. తలుపు వేసుకోలేదు. కాసేపటికి మగ్గుతో నీళ్ళు పోసిన చప్పుడు వినబడింది, బకెట్లోంచి తనే ముంచుకుని. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు చేతులు నిక్కరుకి తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూలబడి, "ఏవైంది? గంట దొరికిందా?" అని సున్నుండ కొరికాడు.

భూతానికి గంట దొరికేసరికి కింద మసీదులో ఉపవాసం విడిచే వేళ మగ్రిబ్ అజాన్ మొదలైంది. అమ్మ కర్టెన్లు తీసింది. పిల్లలు ఈలలు వేస్తుంటే లక్ష్మి ఆంటీ గారెల పళ్ళెం తీస్తూ నాన్న వైపు చూసింది.

"వాడి టికెట్ ఖలాస్ అమ్మా," అన్నాడు నాన్న. "నువ్వు పెళ్ళి చూసుకుని రా. మావాడు ఎక్కడికీ రాడు."

ఆ తర్వాత ప్రతి అక్టోబరులోనూ పక్క బిల్డింగుల తల్లులు కూడా వీడియో షాపులో సువార్త సిస్టర్ ఏ సినిమా చెప్పిందని అడిగి మరీ తీసుకెళ్ళేవాళ్ళు. మా అమ్మకి దొరికిన మెప్పుల్లో నాకన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ఇప్పుడా వీడియో షాపు లేదు, చేట్టన్ కేరళ వెళ్ళిపోయాడు. ఇప్పుడు సినిమా కింద ఎన్నేళ్ళవాళ్ళు చూడొచ్చో ఫోనే చెప్పేస్తుంది గానీ, దెయ్యం ఎక్కడుంటుందో చెప్పదు, మన పిల్లాడికి ఏ గదంటే భయమో దానికి తెలియదు. ఆ చాప మీద కూర్చున్న పిల్లలు ఒక్కొక్కరే ఊళ్ళకి వెళ్ళిపోయారు. శ్రీకాంత్‌ని ఆ మరుసటేడే కరీంనగర్ హాస్టల్లో వేశారు, అక్కడ వాళ్ళమ్మ మొహం కూడా సరిగ్గా గుర్తుండేది కాదని ఈమధ్య ఫోన్లో అన్నాడు. మిగతావాళ్ళు అమ్మమ్మల దగ్గరా, మేనత్తల దగ్గరా పెరిగారు. మా సన్నీ మాత్రం పన్నెండో తరగతి అయ్యేదాకా రోజూ మా అమ్మ కలిపిన ముద్దే తిన్నాడు.